హోమ్స్ కోటలో నిజమెంత?

షికాగో హంతకుడు హెచ్. హెచ్. హోమ్స్ గురించి, 'హత్యల కోట' అని పేరుపడిన అతని భవనం గురించి గత సంచికలో ఒక చిన్న బాక్స్ వేశాం. దానికి విశాఖ నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఉత్తరాలు కుప్పగా వచ్చాయి. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేశాం. నేర పరిశోధన, భవన నిర్మాణం, వైద్యం, బీమా తెలిసినవాళ్లు ఎవరి విషయానికి వాళ్లు జవాబులు రాశారు.

ప్రశ్న (గాజువాక): హోమ్స్ 200 మందిని చంపాడని వీడియోల్లో చెబుతున్నారు. మీరేమో తొమ్మిది అని రాశారు. మరీ ఇంత తేడానా?

అవును, అంత తేడా. మనిషి పేరు, మాయమైన కాలం, హోమ్స్‌తో సంబంధం మూడూ దొరికే కేసులు తొమ్మిదే. అతని దగ్గర పనిచేసిన జూలియా కానర్, ఆమె కూతురు పెర్ల్ 1891 క్రిస్మస్ తర్వాత కనిపించలేదు. ఆఫీసులో టైపు చేసే ఎమిలీన్ సిగ్రాండ్ 1892 డిసెంబరులో మాయమైంది. టెక్సస్‌లో ఆస్తి ఉన్న మిన్నీ విలియమ్స్, ఆమె చెల్లెలు నానీ 1893 జూలైలో. ఆ తర్వాత భాగస్వామి బెంజమిన్ పిటిజెల్, అతని ముగ్గురు పిల్లలు ఆలిస్, నెల్లీ, హోవర్డ్. కోర్టులో రుజువైంది పిటిజెల్ హత్య ఒక్కటే.

ఈ జాబితాను మరోసారి చదవండి. ఇందులో ముక్కూ మొహం తెలియనివాళ్లు ఒక్కరూ లేరు. ఉద్యోగులు, ప్రియురాళ్లు, పార్ట్‌నరు, పార్ట్‌నరు పిల్లలు. దారినపోయే బాటసారి హోటల్లో దిగి మాయమయ్యాడనడానికి ఒక్క ఆధారమూ లేదు. 1893లో షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనకు వచ్చి ఇళ్లకు తిరిగి వెళ్లనివాళ్లందర్నీ అతని ఖాతాలో వేస్తే 200 అవుతుంది. ఆ అంకె పుస్తకాల్లోకి ఎక్కింది అతన్ని ఉరితీసిన నలభై ఏళ్లు దాటాక, 1940లో. అప్పటినుంచి ఒకరిని చూసి ఒకరు రాసుకుంటూ పోయారు.

అసలు పేరు హెర్మన్ వెబ్‌స్టర్ మడ్జెట్. పుట్టింది 1861లో న్యూ హాంప్‌షైర్‌లోని గిల్మంటన్‌లో. 1884లో మిషిగన్ యూనివర్సిటీలో వైద్యం పాసయ్యాడు. 1886లో షికాగో శివారు ఇంగిల్‌వుడ్‌కి వచ్చి ఒక మందుల షాపులో చేరాడు. ఆ షాపు ముసలి యజమానిని, అతని భార్యను చంపి షాపు కాజేశాడన్న కథ కూడా కల్పితమే. షాపు అమ్మిన హోల్టన్ దంపతులు ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు ఆ పేటలోనే బతికారు.

ప్రశ్న (సీతమ్మధార, సివిల్ ఇంజినీరింగ్ విద్యార్థి): లోపల రహస్య గదులు, దొంగ మెట్లు ఉంటే మేస్త్రీలకు, కాంట్రాక్టర్లకు తెలియకుండా ఎలా కట్టాడు? అలాంటి గది ఉందో లేదో బయటివాళ్లు ఎలా పట్టుకోవాలి?

ముందు కొలతలు. పొడవు 162 అడుగులు, వెడల్పు 50. మన లెక్కలో 900 గజాల కట్టడం. 1887లో రెండంతస్తులుగా మొదలైంది. కింద షాపులు, పైన అద్దె గదులు, ఆఫీసులు. ప్రదర్శన వస్తోంది, హోటల్ పెడతానంటూ 1892లో మూడో అంతస్తు ఎత్తాడు. ఆ హోటల్ సరిగ్గా నడిచిందే లేదు. 1893 ఆగస్టులో పైఅంతస్తు తగలబడింది. బీమా కోసం అతనే అంటించాడని కంపెనీలు అనుమానించాయి.

ప్లాను ఎవరికీ తెలియకూడదనే కాంట్రాక్టర్లను మార్చాడని సినిమా ఫక్కీలో చెబుతారు. కోర్టు కాగితాలు చెప్పేది వేరు. పని బాగాలేదని తిట్టి పంపేస్తే కూలి ఎగ్గొట్టవచ్చు, అదీ సంగతి. ఇనుము సరఫరా చేసిన కంపెనీ 1888లోనే కేసు వేసింది. అప్పు మీద తెచ్చిన ఫర్నిచరును గోడల మధ్య ఖాళీల్లో దాచేశాడు. దుకాణం వాళ్లు వెతుక్కుంటూ వస్తే గదులు ఖాళీ. అంటే ఆ దొంగ అరల్లో కొన్ని శవాల కోసం కాదు, సోఫాల కోసం. మూడు విడతల్లో, ముగ్గురు నలుగురు మేస్త్రీల చేతుల మీదుగా, డబ్బు అందినప్పుడల్లా లేపిన ఇల్లు ఎక్కడైనా గజిబిజిగానే ఉంటుంది. విశాఖ పాతబస్తీలో అన్నదమ్ముల వాటాలు పడ్డ మేడల్ని చూసినవాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

అలాగని అంతా కట్టుకథ అనడం కూడా తప్పు. 1895 జూలైలో పోలీసులు తవ్వినప్పుడు స్నానాల గది నేలలో ఒక తలుపు, దాని కింద ఇరుకు మెట్లు, మనిషి నడిచి లోపలికి వెళ్లేంత ఇనప వాల్టు, నేలమాళిగలో పెద్ద కొలిమి, ఒక ట్యాంకు కనిపించాయి. ఎముకల ముక్కలు దొరికాయి. వాటిలో కొన్ని జంతువులవి, కొన్ని చిన్నపిల్లవిగా డాక్టర్లు భావించారు. ఒక స్టవ్‌లో గడియారపు గొలుసు దొరికింది. అది మిన్నీదని నగల వ్యాపారి గుర్తుపట్టాడు.

గదుల్లోకి విషవాయువు వదిలేవాడన్న మాట ఆ వేసవిలో పత్రికలు అల్లింది. గదిగదికీ గ్యాసు గొట్టాలు కనబడ్డాయన్నది దానికి ఆధారం. కరెంటు దీపాలు ఇంటింటికీ రాని రోజులవి. షికాగోలో దీపాలు వెలిగేదే బొగ్గు గ్యాసుతో. గొట్టాలు లేని గది ఉంటేనే ఆశ్చర్యపోవాలి.

ఇక దాచిన గదిని పట్టుకోవడం. దీనికి సుత్తి అక్కర్లేదు, టేపు చాలు. బయట గోడ మొదలు నుంచి చివర దాకా కొలవండి. తర్వాత లోపల అదే వరసలో గదుల్ని కొలిచి గోడల మందం కలపండి. ఉదాహరణకి బయట 40 అడుగులు ఉందనుకోండి. లోపల మూడు గదులు 12, 10, 11, కలిపితే 33. తొమ్మిదంగుళాల బయట గోడలు రెండు, అడుగున్నర. నాలుగున్నర అంగుళాల అడ్డుగోడలు రెండు, ముప్పావు అడుగు. మొత్తం 35 అడుగుల మూడంగుళాలు. అంటే నాలుగడుగుల తొమ్మిదంగుళాలు ఎక్కడో మింగేశారు. పైపుల డక్టో, మూసేసిన బీరువా అరో, పాత మెట్లో అయి ఉంటుంది. ఇక్కడ విద్యార్థులు తరచూ చేసే పొరపాటు ప్లాస్టరింగ్ మర్చిపోవడం. గోడకు రెండు వైపులా కలిపి అంగుళం పైనే తింటుంది. అందుకని మూడు నాలుగంగుళాల తేడాను పట్టించుకోకండి. రెండడుగులు దాటితేనే అనుమానించాలి. ఇదే లెక్క ఎత్తులోనూ వేయాలి. మెట్ల ఎత్తును మెట్ల సంఖ్యతో హెచ్చిస్తే అంతస్తు ఎత్తు వస్తుంది. అందులోంచి గది ఎత్తు, శ్లాబు మందం తీసేస్తే ఫాల్స్ సీలింగ్ వెనక ఎంత ఖాళీ ఉందో తేలుతుంది.

ప్రశ్న (పెందుర్తి): స్వామి వివేకానంద అదే ఏడాది షికాగోలో ఉన్నారు కదా. ఆ హోటల్లో దిగే ప్రమాదం ఉండేదా?

లేదండి. సర్వమత మహాసభ ఇప్పటి ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ భవనంలో 1893 సెప్టెంబరు 11న మొదలైంది. అది ఊరి నడిబొడ్డు. హోమ్స్ ఇల్లు అక్కడికి దాదాపు పదకొండు కిలోమీటర్ల దక్షిణాన. ప్రదర్శన జరిగిన జాక్సన్ పార్కుకు మాత్రం దగ్గరే, జగదాంబ నుంచి మద్దిలపాలెం వెళ్లినంత. పైగా సెప్టెంబరు నాటికి ఆ పైఅంతస్తు కాలిపోయి నెల అవుతోంది.

ప్రశ్న (ఆంధ్ర మెడికల్ కాలేజీ విద్యార్థిని): పిటిజెల్‌ని క్లోరోఫాంతో చంపాడని ఎలా తేల్చారు? ఇప్పుడైతే శాంపిల్ ఎలా తీస్తారు?

1894 సెప్టెంబరు 4న ఫిలడెల్ఫియాలో కాలోహిల్ వీధి 1316 నంబరు ఇంట్లో శవం దొరికింది. ముఖం, ఛాతీ కాలి ఉన్నాయి. పక్కన పగిలిన సీసా, చుట్ట తాగే పైపు, అగ్గిపుల్ల. ఏదో రసాయనం అంటుకుని పేలిందనుకోవాలని ఆ ఏర్పాటు. కానీ శవం కాళ్లు చాపుకుని పడుకున్నట్టు ఉంది. పేలుడుకు ఎగిరిపడ్డ మనిషి అలా ఉండడు.

పోస్టుమార్టంలో కడుపులో క్లోరోఫాం కనిపించింది. తానే తాగి చచ్చిపోయాడన్నది హోమ్స్ వాదన. ప్రాణం ఉండగా తాగితే కడుపు లోపలి పొర ఎర్రగా కమిలిపోవాలి. ఆ కమిలిన గుర్తు లేదు. కాబట్టి చనిపోయాక పోశారని డాక్టర్లు సాక్ష్యం చెప్పారు. జ్యూరీకి బాగా ఎక్కింది ఇదే.

నేడు మన దగ్గర పద్ధతి మీకు పాఠంలో ఉన్నదే, అయినా పరీక్షల్లో పోయే మార్కు ఇక్కడే కాబట్టి చెబుతున్నాం. ఒక సీసాలో కడుపు, అందులోని పదార్థం, చిన్నపేగు మొదటి అడుగు. రెండో సీసాలో అర కిలో కాలేయం, రెండు కిడ్నీల్లోనూ సగం సగం. రక్తం విడిగా. మామూలుగా ఉప్పు సంతృప్త ద్రావణమో, రెక్టిఫైడ్ స్పిరిటో వాడతారు. క్లోరోఫాం అనుమానం ఉంటే స్పిరిట్ పనికిరాదు, పరీక్షను పాడుచేస్తుంది. ఉప్పునీళ్లే. క్లోరోఫాం ఇట్టే ఎగిరిపోయే సరుకు. మూత వదులుగా ఉన్నా, సీసా ఎండలో పెట్టినా, ప్రాంతీయ ఫోరెన్సిక్ ల్యాబుకు పంపడంలో రోజులు జాగైనా రిపోర్టులో 'ఏమీ లేదు' అని వస్తుంది. లేదని కాదు, పోగొట్టుకున్నారని.

సినిమాల్లో రుమాలు ముక్కు దగ్గర పెట్టగానే పడిపోతారే, అది జరగదు. స్పృహ పోవడానికి నిమిషాలు పడుతుంది. అసలు క్లోరోఫాం ముందు ఊపిరిని ఆపుతుందా, గుండెను ఆపుతుందా అన్నదాని మీద ఆ కాలంలో ప్రపంచంలోనే పెద్ద ప్రయోగాలు జరిగింది హైదరాబాదులో. నిజాం డబ్బిస్తే డాక్టర్ ఎడ్వర్డ్ లారీ 1888, 1889లలో రెండు క్లోరోఫాం కమిషన్లు నడిపాడు. ఊపిరి ఆగడం వల్లే చావు, గుండెకు భయం లేదు అని తేల్చారు. ఆ తీర్పు తప్పని, గుండె లయ తప్పి కూడా మనిషి హఠాత్తుగా పోగలడని 1911లో లీవీ అనే డాక్టరు ప్రయోగాలు చూపించాయి.

ప్రశ్న (కంచరపాలెం): ఇంట్లో కొలిమిలో శవాన్ని ఆనవాలు లేకుండా కాల్చేయడం సాధ్యమేనా?

మన ఇళ్లల్లో అస్థి సంచయనం చేసినవాళ్లు ఎవరైనా జవాబు చెబుతారు. నాలుగైదు వందల కిలోల కట్టెతో కాల్చిన చితిలోనూ ఎముకలు మిగులుతాయి. 760 నుంచి 980 డిగ్రీల దాకా వేడెక్కే యంత్ర దహనవాటికలో కూడా చివరికి రెండు మూడు కిలోల ఎముక ముక్కలు మిగిలితే వాటిని మరలో పొడి చేస్తారు. పళ్లు మరీ మొండివి. హోవర్డ్‌ని చంపిన ఇంట్లో, ఇండియానాపొలిస్ పక్కన ఇర్వింగ్‌టన్‌లో, పొగగొట్టం నుంచి బయటపడ్డవి పళ్లు, దవడ ముక్కలే. ఎనిమిదేళ్ల పిల్లాడని చెప్పడానికి అవే సరిపోయాయి.

ప్రశ్న (దొండపర్తి, బీమా ఏజెంటు): పదివేల డాలర్ల పాలసీ ఏడాదిలోపే క్లెయిమ్ అయితే కంపెనీ ఎందుకు ఊరుకుంది?

ఊరుకోలేదు, కాస్త తొందరపడింది. ఫిడెలిటీ మ్యూచువల్‌లో 1893 నవంబరులో పిటిజెల్ పేర పాలసీ తీసుకున్నారు. ఆసుపత్రి నుంచి తెచ్చిన ఎవరిదో శవాన్ని తన శవంగా చూపిస్తారు, డబ్బు పంచుకుంటాం అని పిటిజెల్ నమ్మాడు. హోమ్స్ శవం వెతికే శ్రమ పెట్టుకోలేదు.

గుర్తింపు ఎలా జరిగిందో చూడండి. పాతిపెట్టిన శవాన్ని సెప్టెంబరు 22న బయటికి తీశారు. మెడ వెనక పులిపిరి ఉండాలి. కుళ్లిన శవాన్ని ముట్టుకోవడానికి అక్కడి డాక్టరు వెనకాడితే హోమ్స్ తానే కత్తి అందుకుని పులిపిరి కోసి ఇచ్చాడు. పదిహేనేళ్ల ఆలిస్‌ని పిలిచి, ముఖమంతా కప్పి పళ్లు మాత్రం కనబడేలా ఉంచి చూపించారు. నాన్నవే అంది పిల్ల. నిజంగానే నాన్నవే. దొంగ శవం కోసం వెతుకుతున్న కంపెనీకి అసలు శవం దొరికింది. సందేహం తీరిపోయి డబ్బు ఇచ్చేసింది. మనిషెవరో తేలిందే గానీ, ఎలా చచ్చిపోయాడన్నది తేల్చలేదు. ఫైలులో రెండో గడి ఖాళీగా వదిలేశారు.

బయటపడింది ఐదువందల డాలర్ల కక్కుర్తి వల్ల. సెయింట్ లూయిస్ జైల్లో మేరియన్ హెడ్జ్‌పెత్ అనే రైలు దొంగ ఈ బీమా పన్నాగం కోసం హోమ్స్‌కి ఒక లాయరును చూపించాడు. అందుకు ఇస్తానన్న ఐదువందలు ఇవ్వలేదు. హెడ్జ్‌పెత్ పోలీసులకు ఉత్తరం రాశాడు. 1894 నవంబరు 17న బోస్టన్‌లో హోమ్స్‌ని పట్టుకున్నారు. వారెంటు మీద రాసిన నేరం టెక్సస్‌లో గుర్రాల దొంగతనం!

మన దగ్గర బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం పాలసీ మొదలైన, లేదా పునరుద్ధరించిన మూడేళ్ల తర్వాత దాన్ని ఏ కారణంతోనూ ప్రశ్నించడానికి లేదు. అందుకే మూడేళ్లలోపు క్లెయిమ్‌లన్నిటికీ విచారణ పెడతారు. అసహజ మరణమైతే మరణ ధ్రువపత్రంతో పాటు ఎఫ్ఐఆర్, శవ పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు కావాలి. ఏజెంటుగా మీరు గమనించాల్సింది ప్రీమియం ఎవరి ఖాతా నుంచి వస్తోందన్నది. ఆదాయానికి మించిన పాలసీ, దానికి ప్రీమియం వేరొకరు కట్టడం, ఆ వేరొకరే నామినీల తరఫున ఆఫీసు చుట్టూ తిరగడం, మూడూ కలిసి కనబడితే పైవాళ్లకు రాతపూర్వకంగా చెప్పండి. ఇంకొకటి, హంతకుడు తాను చంపిన మనిషి ఆస్తికి వారసుడు కాలేడని హిందూ వారసత్వ చట్టం 25వ సెక్షన్ చెబుతోంది.

ప్రశ్న (భీమిలి): పిల్లల్ని ఎలా కనిపెట్టారు?

ఉత్తరాల సాయంతో. హోమ్స్ వెంట ఊరూరా తిరుగుతూ ఆలిస్, నెల్లీ అమ్మకు ఉత్తరాలు రాసేవాళ్లు. హోమ్స్ వాటిని పోస్టు చేయకుండా రేకు పెట్టెలో దాచాడు. ఎందుకు కాల్చేయలేదో ఇంతవరకూ ఎవరికీ అంతుపట్టలేదు. ఫిలడెల్ఫియా డిటెక్టివ్ ఫ్రాంక్ గైయర్ 1895 జూన్ చివర్లో ఆ ఉత్తరాలు, ఫొటోలు పట్టుకుని బయలుదేరాడు. సిన్సినాటి, ఇండియానాపొలిస్, డెట్రాయిట్, టొరాంటో. ప్రతి ఊళ్లోనూ ఒకటే పని. హోటల్ రిజిస్టర్లు తిరగేయడం, తర్వాత ఇళ్లు అద్దెకు ఇప్పించే ఏజెంట్ల దగ్గరకు వెళ్లి, కొద్దిరోజులకు ఇల్లు తీసుకుని సామాను లేకుండా దిగిన మనిషి ఎవరైనా ఉన్నాడా అని అడగడం.

టొరాంటోలో సెయింట్ విన్సెంట్ వీధి 16వ నంబరు ఇంటి పక్కన ఉండే ముసలాయన చెప్పాడు, కొత్తగా దిగినాయన బంగాళాదుంపలు దాచుకోవడానికి నేలమాళిగలో గుంట తీయాలని తన దగ్గర పార అరువు తీసుకున్నాడని. జూలై 15న గైయర్ అదే ఇంటిపక్కాయన దగ్గర అదే పార అడిగి తీసుకుని తవ్వాడు. మూడడుగుల లోతులో ఇద్దరు ఆడపిల్లలూ ఉన్నారు. ఇంట్లో దొరికిన బొమ్మ ఒకటి, తల్లి ఇచ్చిన పిల్లల సామాన్ల జాబితాలో ఉంది.

ఈ మూడు హత్యలూ, పిటిజెల్‌దీ జరిగింది అద్దె ఇళ్లల్లో. కోటకు వందల కిలోమీటర్ల దూరంలో. అందుకే మేము గత సంచికలో కోట గురించి తక్కువ రాశాం. దానిమీద కోపంగా రాసిన ముగ్గురు పాఠకులకు ఇదే జవాబు.

ప్రశ్న (అనకాపల్లి, న్యాయవాద విద్యార్థి): తానే 27 హత్యలు ఒప్పుకున్నాడు కదా, ఇక వాదన ఎందుకు?

ఒప్పుకున్నది తీర్పు తర్వాత, డబ్బు తీసుకుని, పత్రికకు. విచారణ 1895 అక్టోబరు 28న మొదలై నవంబరు 2న ముగిసింది. పిల్లల హత్యల సాక్ష్యాన్ని న్యాయమూర్తి ఆర్నాల్డ్ అనుమతించలేదు, ఈ కేసు పిటిజెల్‌ది మాత్రమేనని. 1896 ఏప్రిల్‌లో అచ్చయిన ఆ ఒప్పుకోలులో చంపానన్నవాళ్లలో కొందరు నిక్షేపంగా బతికే ఉన్నారు. మే 7న ఉరికంబం మీద మాట మార్చి, ఇద్దరు ఆడవాళ్లు మాత్రం తన చేతి ఆపరేషన్ల వల్ల పోయారన్నాడు.

మన భారతీయ సాక్ష్య అధినియమం 23వ సెక్షన్ ప్రకారం పోలీసు అధికారి ముందు ఒప్పుకోలు చెల్లదు. అయితే దానివల్ల వస్తువు దొరికితే, ఆ వస్తువుకు సంబంధించిన మాట మేరకు చెల్లుతుంది. పత్రికకు చెప్పింది న్యాయస్థానం బయటి ఒప్పుకోలు, తీసుకోవచ్చు గానీ బలహీనం, వేరే ఆధారం తోడుండాలి. శవం దొరకకపోయినా పరిస్థితుల సాక్ష్యం గొలుసుకట్టుగా ఉంటే శిక్ష వేయవచ్చని మన సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

ప్రశ్న (అక్కయ్యపాలెం): జాక్ ద రిప్పర్ కూడా ఇతనేనా?

కాదు. 1888లో లండన్‌లో ఆ హత్యలు జరుగుతుంటే ఇతను షికాగోలో అప్పులవాళ్లను తప్పించుకునే పనిలో ఉన్నాడు.

ప్రశ్న (సింహాచలం): వేరొకరిని ఉరికి పంపి తాను పారిపోయాడంటారు. నిజమా?

అబద్ధం. తన శవాన్ని ఎవరూ కోయకూడదని సిమెంటు పోయించి పాతించుకున్నాడు. వారసుల కోరిక మీద 2017లో తవ్వి తీశారు. పళ్లు సరిపోయాయి, అతనే.

ప్రశ్న (మధురవాడ): మా అబ్బాయి షికాగోలో చదువుతున్నాడు. ఆ భవనం ఇప్పుడు చూడవచ్చా?

1895 ఆగస్టు 19న మళ్లీ తగలబడింది. మెట్ల కింద సగం ఖాళీ అయిన గ్యాసోలిన్ డబ్బా దొరికింది, అంటించింది ఎవరో తేలలేదు. ఆ మంటతోనే బూడిదైందని చాలామంది రాస్తారు గానీ బాగుచేసి మరో నలభై ఏళ్లు వాడారు. 1938లో కూల్చేశారు. 63వ వీధి, వాలెస్ వీధి కలిసే చోట ఇప్పుడున్నది ఇంగిల్‌వుడ్ పోస్టాఫీసు. మీ అబ్బాయి వెళ్తే స్టాంపులు కొనుక్కోవచ్చు, అంతకుమించి చూడటానికి ఏమీ లేదు.